పాట యెంతవరకు?

పేకాట యను మాట చెవిని బడగానే మన సోదరీమణులలో పలువురు మొగము చిట్లించుకొందురు. అది సహజమే. పేకముక్కల మూలమున పుస్తెలు తాకట్టునకు పోయిన యిండ్లు మా పత్తికొండ ప్రాంతమున నెన్ని లేవు! నేను వ్రాయబోవునది పణమొడ్డి యాడు ఆ యాటలను గూర్చి కాదు. బ్రిడ్జి యను ఆటను గూర్చి. అందులోను ముక్క వేయుట మొదలుగాక మునుపు జరుగు పాటను గూర్చి. పాట యనగా గానము కాదు, వేలముపాట. ఇరుపక్షములవారును పట్టుదలతో పాటను పెంచుకొని పోవుచుండగా ఎక్కడ ఇంకొక మాట పాడవలెను, ఎక్కడ ఊరకుండవలెను, ఎక్కడ "ఇది నీవు చేయలేవు" అని ఎదుటివారిని నిలువరింపవలెను అను విచారణయే నాకు ఈ యాటలో మిక్కిలి ప్రియమైనది.

మా ఊరివారికి పాట కొత్త గాదు. పత్తికొండ టమాటా మార్కెటు పేరు ఈ జిల్లాలో వినని వారుండరు. చుట్టుప్రక్కల పల్లెలనుండి రైతులు కాయలను తెచ్చి దించగా వర్తకులు పాట పాడి కొందురు. వెల పడిపోయిన సంవత్సరములలో కిలో యొక రూపాయికైనను అడుగువారు లేక, రైతులు పండ్లను బాటమీదనే పారబోసి ఇండ్లకు మరలిన దినములును కలవు. మాకు సమీపముననే, తుగ్గలి మండలములోని జొన్నగిరి చేలలో తొలకరి వాన కురియగానే వజ్రములు వెదకువారు గుంపులు గుంపులుగా వత్తురు. రాయి దొరికినచో వర్తకులు ఒకరి ధర యొకరికి తెలియనీయక టెండరు పద్ధతిని ధర చెప్పుటయు కలదు. మొదటిదానిలో ప్రతివాడును ప్రతివాని మాట వినును. రెండవదానిలో ఎవ్వడును ఎవ్వని మాటయు వినడు. బ్రిడ్జి పాట మొదటి జాతిది. కాని దానిలో ఇంకొక విశేషమున్నది. ఇక్కడ ప్రతి పాటయు ఒక ధర మాత్రమే గాదు, ఎదుట కూర్చున్న తన జోడునకు పంపు ఒక వార్త కూడ. ఆ వార్తను శత్రుపక్షము వారును విందురు. "పాస్" అని ఊరకుండుటయు వార్తయే.

ఆట నెరుగని వారికొరకు నాలుగు మాటలు చెప్పెదను. ఎరిగినవారు ఈ భాగమును దాటిపోవచ్చును. నలుగురు కూర్చుందురు. ఎదురెదురుగా నున్నవారు ఒక పక్షము. 52 ముక్కలను తలకు 13 చొప్పున పంచుదురు. ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క వేయగా నాలుగు ముక్కలును చేరి ఒక పట్టు అగును. మొత్తము 13 పట్టులు. ఏ రంగు తురుపు కావలెనో, ఎన్ని పట్టులు తెచ్చెదమో ముందుగా పాటలో తేలవలెను. మొదటి ఆరు పట్టులు పాటలో చెప్పరు. "మూడు ఇస్పేట్లు" అని పాడినవారు ఆరునకు పైన మూడు, అనగా 9 పట్టులు, ఇస్పేటు తురుపుగా తెచ్చెదమని మాట యిచ్చినట్లు. రంగులలో కళావరు అన్నిటికంటె క్రిందిది. దానిపై డైమను, దానిపై ఆఠీను, ఆపైన ఇస్పేటు. తురుపు లేని ఆట వీనికన్నిటికిని పైనిది. కావున ఎదుటివారు మూడు ఆఠీన్లు పాడినచో మేము మూడు ఇస్పేట్లతో దానిని దాటవచ్చును. వారు మమ్ము ఆఠీనుతో దాటవలెనన్న నాలుగునకు ఎక్కవలెను. మాట నిలుపుకొన్నవారికి బహుమానము, తప్పినవారికి దండుగ. ఎదుటివారు మాట నిలుపుకొనజాలరని తోచినవారు "డబుల్" అందురు. దానితో రెండును పెరుగును. చేతిలోని బలమును కొలుచుటకు ఆసునకు 4, రాజునకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్క. పేకయంతయు కలిపిన 40.

1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అను అమెరికా దేశపు ధనవంతుడు పనామా కాలువ మీదుగా ఓడలో ప్రయాణించుచు ఇప్పటి లెక్కను కుదిర్చెను. అంతకుముందు వాడుకలోనున్న బ్రిడ్జిలో తక్కువ పాడి ఎక్కువ పట్టులు తెచ్చినను గేమునకు లెక్క వచ్చెడిది. ఈయన పాడినంత మేరకే గేమునకు లెక్క యని విధించెను. పాట కాటకు ప్రాణమంత విలువ వచ్చినది అప్పటినుండియే.

నాకు బడిచదువు లేదు. మా మాతామహులు భారత భాగవతములును, వసుచరిత్రమును ఇంటనే చెప్పిరి. పెండ్లియై పత్తికొండకు వచ్చిన పిదప, మావారు కర్నూలులో చదువుకొను దినములలో నేర్చిన ఈ యాటను ఇచ్చట ఆడుటకు ముగ్గురే దొరకిరి: తాము, తమ పాఠశాలలోని సైన్సు మాస్టరుగారు, మా వీథిలోని విశ్రాంత బ్యాంకు ఉద్యోగి యొకరు. పేకాటను మనవారు పరిహాసముగా చతుర్ముఖ పారాయణ మందురు గదా. ముఖములు మూడే యైనచో పారాయణ మెట్లు సాగును? కావున నన్ను కూర్చుండబెట్టిరి. ఆదివారము సాయంకాలము రెండు గంటలు. పణము లేదు, కాగితముపై అంకెలు మాత్రమే.

మా అత్తగారు మొదటి నెల నాతో మాటలాడలేదు. ఒకనాడు వంటయింటిలో చింతపండు పిసుకుచు, మొగము త్రిప్పకయే, "ఏమ్మా, మా పుట్టింటి చేను ఎట్ల పోయిందో నీకు చెప్పలేదా నీ మొగుడు?" అనిరి. చెప్పియుండిరి. ఆమె పినతండ్రి ఒక దీపావళి రాత్రి మూడుముక్కలాటలో అప్పుపడి, తెల్లవారినంతనే రెండున్నర ఎకరముల చేనునకు వ్రేలిముద్ర వేసిన కథ ఆ యింట నెల్లరకును తెలియును. అప్పుడు అత్తగారికి ఎనిమిదేండ్లు. ఆ చేనిలోని రేగుపండ్ల రుచి ఆమె యిప్పటికిని చెప్పుచుందురు.

ఆమెతో వాదించుట నాకు తగదు. కాని మావారు తల్లితో ఒక మాట చెప్పిరి. సికిందరాబాదులోని యొక క్లబ్బులో రమ్మీ ఆడినందులకు పెట్టిన కేసులో సుప్రీంకోర్టువారు 1967లో తీర్పు చెప్పుచు, మూడుముక్కలాట వంటివి కేవలము అదృష్టముపై నడచునవి యనియు, రమ్మీలో ముక్కలను జ్ఞాపకముంచుకొను నేర్పు ప్రధానమనియు, అందులోని అదృష్టము బ్రిడ్జిలో ముక్కలు పంచునప్పటి అదృష్టము వంటిదే యనియు వివరించిరి. అత్తగారు అంతయు విని, "కోర్టోళ్లకేం పోయింది, చేనా?" అనిరి. ఆ మాటకు సమాధానము మావారియొద్ద లేకుండెను. పణమొడ్డినచో నేర్పుగల యాటయైనను కొంపలు కూల్చును. అంతర్జాలములో డబ్బుపెట్టి ఆడు రమ్మీ, పోకరులను 2020లో మన రాష్ట్రప్రభుత్వమువారు నిషేధించుటకు కారణమదియే. కావున మా యింట ఒక నియమమేర్పడినది: బల్లమీదికి రూపాయి కాసు రాగూడదు. అత్తగారు కొన్నాళ్ళకు కాఫీ తామే పంపసాగిరి.

ఇక పాటకు వత్తము. ఒక ఆదివారము నా చేతిలో ఇస్పేటు రాజు, ఎనిమిది, నాలుగు. ఆఠీను రాణి, ఏడు, మూడు. డైమను రాజు, తొమ్మిది, ఆరు, రెండు. కళావరు జాకీ, ఏడు, అయిదు ఉండెను. బలము 9. మావారు "ఒక ఇస్పేటు" అని మొదలిడిరి. మా పద్ధతిలో దానికి ఇస్పేట్లు అయిదైనను కలవని అర్థము. నా కుడిచేతి ప్రక్కనున్న బ్యాంకువారు "రెండు ఆఠీన్లు" అనిరి. నేను "రెండు ఇస్పేట్లు" అంటిని. ఎడమప్రక్క సైన్సు మాస్టరుగారు "మూడు ఆఠీన్లు" అనిరి. మావారు పాస్, బ్యాంకువారు పాస్. నా వంతు వచ్చినది.

చూచుటకు నా చేయి మంచిదే. రెండు రాజులు, ఒక రాణి. మొదట పాడినవారు మావారే గదా, మా రంగును వారు త్రొక్కి పోవుటయా యని రోషము కూడ పొడమును. కొత్తగా నేర్చినవారిలో పదింట తొమ్మండ్రు ఇచ్చట "మూడు ఇస్పేట్లు" అందురు. నేను పాస్ అంటిని.

కారణము చెప్పెదను. 1969లో జాన్-రెనే వెర్న్ అను ఫ్రాన్సు దేశస్థుడు "బ్రిడ్జి వరల్డ్" అను అమెరికా పత్రికలో ఒక సూత్రము ప్రకటించెను. మన పక్షమునకు మన తురుపు రంగులో నెన్ని ముక్కలు, ఎదుటి పక్షమునకు వారి తురుపు రంగులో నెన్ని ముక్కలు కలవో కూడవలెను. మనము మన రంగులో ఆడిన వచ్చు పట్టులును, వారు వారి రంగులో ఆడిన వచ్చు పట్టులును కూడిన మొత్తము ఇంచుమించు దానికి సమానమగును. 1992లో లారీ కోహెన్ అను అమెరికా ఆటగాడు దీనిపై పుస్తకమే వ్రాయగా అది లోకమంతయు వ్యాపించినది. ఇది ఎల్లప్పుడును సరిపోదు. ఒకటి అటునిటు తప్పుటయు కలదు. ఐనను చీకటిలో చేతికర్ర వంటిది.

మావారికి అయిదు, నాకు మూడు: మా ఇస్పేట్లు 8. బ్యాంకువారికి అయిదు, మాస్టరుగారికి మూడు: వారి ఆఠీన్లు 8 అనుకొంటిని. మొత్తము 16. మేము మూడు ఇస్పేట్లకు వలయు 9 తెచ్చినచో వారికి వచ్చునవి 7 మాత్రమే; అట్టియెడ వారిని ఓడనిచ్చినను మాకు పెద్ద నష్టము లేదు. వారు 9 తెచ్చువారైనచో మాకు వచ్చునవి 7. పాడిన రెండు పట్టులు తక్కువగును. ఇరువురికిని ఎనిమిదేసియైనచో ఎవరు పాడిన వారే ఓడుదురు. మొత్తముమీద నేను పాడుటకు చోటు లేదు. ఎనిమిది తురుపులు గలవారు ఎనిమిది పట్టుల యెత్తున, అనగా రెండుతో, నిలువవలెనని దీని సారాంశము. అదిగాక నా ఆఠీను రాణి సంగతి చూడుడు. ఆఠీన్లు పాడినవారు నాకు కుడిప్రక్కన, నాకంటె ముందు ముక్క వేయవలసినవారు. వారు ఆడునపుడు వారి ఆసు రాజుల వెనుక మూడు ముక్కలలో దాగియున్న నా రాణి ఒక పట్టును తినును. మేము ఆడునపుడు దానికంత విలువ లేదు.

ఆట ముగిసినది. వారికి ఎనిమిదే వచ్చినవి; ఒకటి తక్కువ, మాకు 50. నాలుగు చేతులును తెరచి చూడగా మేము మూడు ఇస్పేట్లు పాడియుండినచో మాకును ఎనిమిదే. "మరి డబుల్ అనవలసినది గదా, 100 వచ్చెడివి" అని మాస్టరుగారు నవ్విరి. డబుల్ అనుటవలన లాభము 50. వారు ఒకవేళ 9 తెచ్చియుండినచో డబుల్ లేనిదే వారికి వచ్చునవి 140. డబుల్ తో గేము లెక్కయై 530. యాబదికి ఆశపడి దాదాపు నాలుగువందలు ఒడ్డుట గృహిణి చేయదగిన బేరము కాదు.

ఇంకొకనాడు నాకు వచ్చిన చేయి పరమదరిద్రము. ఇస్పేటు జాకీ, ఎనిమిది, ఏడు, నాలుగు. ఆఠీను ఆరు ఒక్కటే. డైమను రాణి, తొమ్మిది, అయిదు, మూడు, రెండు. కళావరు పది, ఎనిమిది, మూడు. ఆసు లేదు, రాజు లేడు, బలము 3. పాట మాత్రము అక్షరాల మునుపటిదే: ఒక ఇస్పేటు, రెండు ఆఠీన్లు, రెండు ఇస్పేట్లు, మూడు ఆఠీన్లు, పాస్, పాస్. ఈమారు నేను "మూడు ఇస్పేట్లు" అంటిని. నా ఇస్పేట్లు నాలుగు గనుక మాకు తొమ్మిది. మొత్తము 17 అయినది. మాకు ఎనిమిదే వచ్చినచో వారికి తొమ్మిది రావలెను. అట్లే యైనది. మేము ఒకటి తక్కువై 50 ఇచ్చుకొంటిమి; ఊరకున్నచో 140 ఇచ్చుకొని యుందుము. 9 బలముతో ఊరకుండి 3 బలముతో పాడుట చూచువారికి వెఱ్ఱిగా తోచును. పట్టుదలపాటలో రాజులకంటె ముక్కల సంఖ్యయే ప్రధానమని మొదటి సంవత్సరమున నాకును నమ్మకము చిక్కలేదు.

నమ్మకము చిక్కించినది వెర్న్ గాదు, నన్నయభట్టు. ఆరణ్యపర్వమున నలోపాఖ్యానము చదివిన సోదరీమణులకు జ్ఞాపకముండును. బాహుకుడను పేర నలుడు ఋతుపర్ణుని రథము తోలుచు విదర్భకు పోవుచుండగా, ఆ రాజు దారిలోని తాండ్రచెట్టును రథముమీదనుండియే చూచి దాని ఆకులును కాయలును ఇన్ని యని లెక్క చెప్పెను. నలుడు రథమాపి చెట్టును కూల్చి లెక్కించి చూచెను, సరిపోయినది. అప్పుడు తన అశ్వహృదయమునకు మారుగా ఆయనయొద్ద అక్షహృదయమును గ్రహించెను. కలి ఆయన దేహమును విడిచినది అప్పుడే. చిన్నతనమున నాకీ ఘట్టము విచిత్రముగా నుండెడిది. జూదమునకును చెట్టు ఆకులకును ఏమి సంబంధమని మాతామహుల నడిగితిని. వారు, "పోగొట్టుకొన్నవాడు లెక్క తెలియక పోగొట్టుకొనెను" అని ఊరకుండిరి. కనబడని కొమ్మలోని ఆకులను కనబడు కొమ్మనుబట్టి తెలియుటయే ఆ విద్య యని ఇప్పుడు తోచుచున్నది. నా 13 ముక్కలు నాకు కనబడుచున్నవి. తక్కిన 39 పాటలో వినబడుచున్నవి. పుష్కరునితో మొదట ఆడిన నలునకు బలము లేకపోలేదు. ఆయన దమయంతి మాట వినలేదు; మంత్రుల మాటయు వినలేదు.

వినుట యనగానే ఇంకొక సంగతి. పాటలో వార్త మాటచేతనే పోవలెను గాని గొంతుచేత పోరాదు. గట్టిగా "డబుల్" అనుట, సందేహముతో సాగదీసి "పా...స్" అనుట, కనుబొమ ఎగురవేయుట, ఇవన్నియు నిషిద్ధములు. జోడు చాలసేపు ఆలోచించి పాస్ అన్నచో ఆ ఆలస్యమునుబట్టి రెండవవారు లాభము పొందరాదని నిబంధనలలో నున్నది. పెద్ద పోటీలలో నోటితో పాడనే పాడరు. అచ్చువేసిన చీటీలను పెట్టెలోనుండి తీసి ఎదుట పెట్టుదురు. 1975లో బెర్ముడా బౌల్ అను ప్రపంచపు పోటీలో మొదటిమారు బల్లకు అడ్డముగా తెర నిలిపి, జోడులు ఒకరి మొగమొకరు చూడకుండ చేసిరి. అంతట బల్లక్రింద కాళ్ళతో సైగలు చేసిరని గొడవ పుట్టి, క్రిందను కూడ అడ్డు పెట్టవలసి వచ్చెను! ఈ వృత్తాంతము విని మా అత్తగారు పకపక నవ్విరి. మన పెండ్లిలో జీలకఱ్ఱ బెల్లము పెట్టువరకు వధూవరుల నడుమ తెర పట్టుదురు. ఇక్కడ పెండ్లియైన తరువాత తెర పట్టుచున్నారు.

ఆలుమగలు ఒక పక్షమై ఆడుట కఠినమనుట అందరును ఎరిగినదే. 1929లో అమెరికాలోని కాన్సస్ సిటీ యను ఊర బెన్నెట్ అను గృహస్థుడు ఒక ఇస్పేటు పాడగా భార్య నాలుగిస్పేట్లకు తీసికొనిపోయెను, ఆయన ఓడెను, మాటమీద మాట పెరిగి ఆయన చేయి చేసికొనగా ఆమె పిస్తోలుతో కాల్చి చంపెను. కోర్టువారు ఆమెను విడిచిపుచ్చిరి. మావారు అప్పుడప్పుడు ఈ కథ జ్ఞాపకము చేసికొని, ఓడిన తరువాత నన్ను చూచి చేతులు జోడింతురు. ఇది యొక ప్రక్క. మరియొక ప్రక్క, 1931-32లో న్యూయార్కు నగరమున 150 రబ్బర్ల పందెములో ఈలీ కల్బర్ట్‌సన్ తన భార్య జోసెఫీనును ఎదుట కూర్చుండబెట్టుకొని ఆడి పేరుగాంచెను. మన దేశమున 2018 ఆసియా క్రీడలలో, జకార్తాలో, పురుషుల జంటపోటీలో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ గార్లు స్వర్ణపతకము గొనిరి. మిశ్రజట్టునకు కాంస్యము వచ్చినది. ఆ మిశ్రజట్టులో కిరణ్ నాడార్, అరువదియేండ్లు దాటిన హేమా దేవరా, హిమానీ ఖండేల్వాల్ గార్లు మన స్త్రీలు. బాచిరాజు సత్యనారాయణగారి పేరు పత్రికలో చూచి మాకు మరియు సంతోషమైనది.

నిరుడు మాకు నిజమైన పాట యొకటి వచ్చిపడినది. మా అత్తగారి పుట్టింటి చేను చేతులు మారి మారి ఒక కుటుంబమును చేరియుండెను. ఆ అన్నదమ్ములు పంచుకొనుటకు పొసగక, పెద్దమనుషుల యెదుట రచ్చకట్టపై పాటకు పెట్టిరి. కబురు తెలిసిన రాత్రి అత్తగారు భోజనము చేయలేదు, అడుగనులేదు. మావారును నేనును కాగితము పెన్సిలు తీసికొని కూర్చుంటిమి. పోస్టాఫీసులో నున్నది, నా గాజులపై వచ్చునది, మావారి జీతమునుండి నెలనెలా తీర్చగలిగిన అప్పు, పిల్లవాని కాలేజీకి ముట్టరానిది. అన్నియు చూచి పదునెనిమిది లక్షలని గీత గీసితిమి. ఆ గీతను పాటకు ముందు గీయవలెనే గాని పాటలో గీయరాదు.

నేను ఎదుటి యింటి అరుగుమీద కూర్చుంటిని. పండ్రెండు లక్షలకు తక్కినవారు తప్పుకొనిరి. మిగిలినవాడు ఆ చేనికి ప్రక్క చేనువాడు. అతనికి బోరుబావి యున్నది. గట్టు తీసివేసినచో రెండును ఒకటే మడి. ఇరువదియైదేసి వేలు పెంచుకొనుచు పోయి మావారు పదునెనిమిది లక్షలు పాడిరి. అతడు పదునెనిమిది లక్షల ఇరువదియైదు వేలనెను. మావారు తల త్రిప్పి నావైపు చూచిరి. ఇరువదియైదు వేలు! అంత దూరము వచ్చి దానికొరకు వెనుదీయుటయా? అదిగాక, ఇంకొకటి పాడినచో అతడు తప్పక దాటునని అచ్చటనున్న వారందరును ఎరుగుదురు. అతనిచేత నాలుగు కాసులు ఎక్కువ పెట్టించిన తృప్తియైనను మిగులును. దాటకున్నచో? ఆ చేనికి నీళ్ళు మాకు లేవు. కౌలుకిచ్చుట తప్ప దున్నువారు లేరు. అతని చేతిలో ఆ చేను తొమ్మిదవ తురుపు. మా చేతిలో అది రాణియే గాని ఆఠీను రాణి.

నేను తల అడ్డముగా ఊపితిని. మావారు లేచి పెద్దమనుషులకు నమస్కరించి వచ్చిరి.

ఇంటికి వచ్చి చెప్పగా అత్తగారు చాలసేపు ఊరకుండిరి. తరువాత, "పోయింది అప్పుడే పోయింది లేమ్మా. మళ్లా ఇంగోసారి పోయినట్టు అనిపిస్తాంది, అంతే" అనిరి. మావారు ఆమె పాదములయొద్ద కూర్చుండిరి. లెక్క సరియైనదే, ఇప్పుడు అడిగినను అట్లే తల ఊపుదును. కాని ఆ దారిని బస్సులో పోవునపుడు చేను రాగానే అత్తగారు ఇవతలి కిటికీవైపు తిరిగి కూర్చుందురు. ఏ వెర్న్ సూత్రమునను దానికి అంకె లేదు.

అత్తగారు ఇప్పుడు ఆదివారములు నా వెనుక కుర్చీ వేసికొని నా ముక్కలు చూచుచుందురు. ఆడరు. మొన్న ఒక ఆటలో మేము నాలుగు ఇస్పేట్లకు ఎక్కితిమి. గేము మాదే యని ఎల్లరకు తెలియును. వారు ఊరకుండక అయిదు డైమన్లు పాడిరి. మావారు పాస్ అనిరి. ఇట్టి స్థలమున ఆ పాస్ ఊరకుండుట గాదు. "పాడుటయో డబులో నీవే తేల్చుము" అని నాకిచ్చిన అధికారము. అయిదవ మెట్టు ఎదుటివారిదే యని ఆటగాండ్రలో ఒక నానుడి యున్నది. నేను డబుల్ అంటిని. ఒకటి తక్కువై మాకు 100 వచ్చినవి. అయిదు ఇస్పేట్లు పాడినచో 11 పట్టులు వచ్చి 450 చేతబడియుండునని మావారు. కళావరులో రెండు, డైమనులో ఒకటి పోయి ఓడియుందుమని నేను. బ్యాంకువారు మావారి పక్షము, మాస్టరుగారు నా పక్షము. అత్తగారు, "ఆ ముక్కలేవో మళ్లా పరిచి చూసుకోరాదా?" అనిరి. చూచుకొనవచ్చును గాని, అప్పటికే మాస్టరుగారు పేకను కలిపివేసి తరువాతి ఆటకు పంచుచుండిరి.